ఏ జెండా గీయాలి?

లాస్ ఏంజిలెస్‌లో ఒక బడి, నాలుగో తరగతి. వచ్చే శుక్రవారం దేశాల పండగ, ఎవరి దేశం జెండా వాళ్లు గీసుకురావాలంది టీచర్. మెక్సికో నుంచి వచ్చిన కుర్రాడు గద్ద నోట్లో పాము పెట్టలేక తంటాలు పడుతున్నాడు. కొరియా అమ్మాయి మధ్యలో గుండ్రం గీసేసి రంగులు వేస్తోంది. టెహ్రాన్ నుంచి వచ్చి ఇంకా ఏడాది నిండని పాప ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీలు మూడూ స్కేలు పెట్టి గీసింది. తెల్లపట్టీ మధ్యకి వచ్చేసరికి పెన్సిల్ కింద పెట్టేసింది.

గీయడం రాక కాదు, ఏది గీయాలో తేలక. టెహ్రాన్ బడిలో ఎగిరే జెండాకి అక్కడ ఎర్రటి చిహ్నం ఉంటుంది. 1979 విప్లవం తర్వాతి ఏడాది వచ్చిన జెండా అది. ఇక్కడ పెదనాన్న వాళ్ల హాల్లో, వెస్ట్‌వుడ్ రోడ్డు మీద ఇరానీ దుకాణాల అద్దాల్లో కనిపించే జెండాకి అదే చోట కత్తి పట్టిన సింహం, దాని వెనక సూర్యుడు ఉంటాయి. అది విప్లవానికి ముందు ఏలిన రాజు షా కాలం నాటిది. మొదటిది గీస్తే పెదనాన్న వారం రోజులు మాట్లాడడు. రెండోది గీస్తే ఆ ఫొటో టెహ్రాన్‌లో తాతయ్యకి పంపడానికి వీల్లేదు, అలాంటి బొమ్మ ఫోన్‌లో ఉండటం ఆయనకి మంచిది కాదు. రాత్రి పదింటికి అమ్మ తీర్పు చెప్పింది: "మధ్యలో ఖాళీగా వదిలెయ్యి తల్లీ." తెల్లారి టీచర్ చూసి, "ఇంకా పూర్తి కాలేదా?" అని అడిగింది.

మన సంఘాల వేదికల మీద ఏ తల్లి పటం పెట్టాలన్న తగువు చూసినవాళ్లకి ఇదేం కొత్తగా అనిపించదు. కాకపోతే మనకి అది పెద్దవాళ్ల తగువు. ఇక్కడ తొమ్మిదేళ్ల పిల్ల హోంవర్క్.

ఈ పాపనీ, వాళ్ల ఇంట్లోవాళ్లనీ నేను కల్పించాను. వాళ్లకి ఎదురయ్యేవి మాత్రం కల్పన కాదు. వలస వచ్చిన పిల్లల గురించి "అలవాటు పడిపోతారులే" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ ఒక్క మాటలో చాలా సంగతులు చిక్కుపడి ఉన్నాయి. నాలుక అలవాటు పడటం వేరు, మర్యాదలు అలవాటు కావడం వేరు, ఇంటి సంగతి బయట ఎంత చెప్పాలో తెలియడం వేరు. ఒక్కోదానికి ఒక్కో వేగం. ఇవన్నీ మన పిల్లలకీ ఉన్నాయి. ఇరాన్ పిల్లలకి వీటిపైన ఇంకొకటి ఉంది. కొత్త దేశానికి అలవాటు పడటంతో పని అయిపోదు, ఆ దేశం తన మనసులో పెట్టుకున్న 'ఇరాన్'కి కూడా అలవాటు పడాలి. ఇంగ్లిషు రెండేళ్లలో వస్తుంది. ఆ ఇంగ్లిషులో తన దేశం పేరు తడుముకోకుండా చెప్పడానికి కొందరికి సగం జీవితం పట్టింది.

విమానం ఎక్కకముందే

టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ లేదు. 1979 నవంబర్ 4న విద్యార్థులు దాన్ని ఆక్రమించారు. 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. 1981 జనవరి 20న వాళ్లు విడుదలయ్యారు గానీ ఎంబసీ మళ్లీ తెరుచుకోలేదు. అందుకని ఇరానీ కుటుంబం అమెరికా వీసా ఇంటర్వ్యూకి అంకారాకో, యెరెవాన్‌కో, అబుదాబీకో వెళ్లాలి. మనం హైదరాబాద్ కాన్సులేట్ దగ్గర ఎండలో నిలబడినందుకే నెలరోజులు చెప్పుకుంటాం. వాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంకో దేశంలో హోటల్ గది తీసుకుని, ఇంటర్వ్యూ అయ్యాక ఏళ్లో నెలలో తెలియని 'పరిశీలన' కోసం మళ్లీ ఇంటికి తిరిగొస్తారు.

మన పాప కుటుంబానికి దరఖాస్తు పెట్టింది పెదనాన్న, 2007లో. అప్పటికి పాప పుట్టలేదు. అన్నదమ్ములకి గ్రీన్‌కార్డు వరుస అంత పొడుగు. 2023లో వంతు వచ్చింది. వచ్చినా తండ్రి ఆగిపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. ఇరాన్‌లో మగవాళ్లు 18 ఏళ్లు నిండితే నిర్బంధ సైనిక సేవ చేయాలి, దాన్ని 'సర్బాజీ' అంటారు. మామూలు సైన్యంలో వేస్తారా, విప్లవ ప్రభుత్వం విడిగా పెట్టుకున్న సైన్యం రివల్యూషనరీ గార్డ్స్‌లో వేస్తారా అన్నది కుర్రాడి చేతిలో లేదు. 2019 ఏప్రిల్‌లో అమెరికా గార్డ్స్‌ని ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. దాంతో ఎప్పుడో ఇరవై ఏళ్ల వయసులో అక్కడ వంట చేసినవాడికీ, గేటు దగ్గర కాపలా కాసినవాడికీ వీసా ఆగిపోయింది. తల్లీ పిల్లలూ అమెరికాలో, తండ్రి టెహ్రాన్‌లో ఉండిపోయిన ఇళ్లు ఇలా తయారయ్యాయి. మన పాప వాళ్ల నాన్న మామూలు సైన్యంలో పడ్డాడు. ఆ చీటీ అలా పడటం వల్లే నలుగురూ ఒకే విమానంలో వచ్చారు.

ఇది ఒక దారి. అందరూ ఈ దారిన రారు. విప్లవం వచ్చిన ఏడాది, 1979-80లో, అమెరికాలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువమంది ఇరాన్ వాళ్లే, 50 వేలకు పైగా. వాళ్లలో చాలామంది చదువుకోడానికి వచ్చి వలసదారులైపోయారు. బహాయీలు, యూదులు, ఆర్మేనియన్లు వంటి మైనారిటీ మతాలవాళ్ల కోసం వియన్నా మీదుగా శరణార్థులుగా వచ్చే పథకం నడిచింది. లాస్ ఏంజిలెస్ పక్కన గ్లెండేల్‌లో కనిపించే 'ఇరానీ' పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఆర్మేనియన్. తబ్రీజ్ నుంచి వచ్చిన పిల్లకి ఇంట్లో అజెరీ టర్కిష్, బడిలో దేశభాష పర్షియన్. అమెరికాలో ఆమె నేర్చేది మూడో భాష, రెండోది కాదు. ఇరాన్ పిల్లలు అని ఒకే గంపలో వేసి మాట్లాడటం 'సౌత్ ఇండియన్' అని మనల్ని ఒకే గంపలో వేయడం లాంటిదే. ఆ పని నేనూ ఈ వ్యాసంలో కొంత చేస్తున్నాను, తప్పదు.

ఇస్కూలు, మూడున్నర

పర్షియన్‌లో మాట మొదట రెండు హల్లులు కలిసి రావు. కాబట్టి స్కూల్ వాళ్ల నోట 'ఎస్కూల్' అవుతుంది, స్ట్రీట్ 'ఎస్ట్రీట్' అవుతుంది. ఇది మనకి చెప్పాల్సిన పనిలేదు, మా ఊళ్లో ముసలివాళ్లంతా ఇస్కూలు, ఇస్టేషను అనే అనేవాళ్లు. ఇంకో ఇబ్బంది ఉంది. పర్షియన్‌లో 'అతను', 'ఆమె' అని రెండు మాటలు లేవు, ఇద్దరికీ ఒకే సర్వనామం 'ఊ'. దాంతో పాప వాళ్ల అమ్మని 'హీ' అనేస్తుంది, తమ్ముణ్ని 'షీ' అంటుంది. క్లాసులో పిల్లలు నవ్వేది ఇక్కడే.

వీటిని సరిదిద్దుకోవడానికి ఆట స్థలం చాలు. భాషావేత్త జిమ్ కమిన్స్ వలస పిల్లల మీద పనిచేసి చెప్పిన సంగతి టీచర్లకి బాగా తెలుసు. ఆటల్లో, కబుర్లలో వాడే భాష రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠంలో, పరీక్షలో ప్రశ్న అర్థం చేసుకుని జవాబు రాసే భాషకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఈ రెంటి మధ్య దూరం చాలా అపార్థాలకి మూలం. బస్సులో గలగలా మాట్లాడుతున్న పిల్ల సైన్స్ పరీక్షలో తెల్లముఖం వేస్తే టీచర్‌కి బద్ధకంలా, అమ్మకి శ్రద్ధ లేనట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ పిల్ల భాషకి సగం పునాదే పడింది. ఇంగ్లిషు రాని పిల్లలకి సాయం చేయడం బడి బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది, శాన్ ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో. సాయం ఎలా ఉంటుందన్నది బడిని బట్టి మారుతుంది. స్వీడన్‌లో అయితే 1977 సంస్కరణ నుంచి వలస పిల్లలకి మాతృభాష కూడా బడిలోనే చెప్పే ఏర్పాటు ఉంది, అక్కడి ఇరానీ పిల్లలు పర్షియన్‌ని అలా నిలబెట్టుకున్నారు. లాస్ ఏంజిలెస్‌లో ఆ పని వారాంతపు బడులకి, అమ్మల ఓపికకి వదిలేశారు.

విచిత్రంగా దెబ్బ తగిలేది లెక్కల్లో. మన పాప లెక్కల్లో క్లాసు కంటే ముందుంది, మొదటి వారంలో ఆమెకున్న ధైర్యమంతా అదే. మొదటి టెస్టులో మూడున్నర రావాల్సిన చోట 3/5 అని రాసింది. తప్పు కొట్టేశారు. ఇరాన్ బళ్లలో దశాంశానికి చుక్క పెట్టరు, ఏటవాలు గీత పెడతారు. వాళ్ల 3/5 అంటే మూడు పాయింట్ ఐదు. చుక్క ఎందుకు పెట్టరంటే వాళ్ల సున్నాయే చుక్కలా ఉంటుంది, ఐదేమో తలకిందులు చేసిన లవ్ గుర్తులా ఉంటుంది. ఐదులో మూడు వంతులు అనుకుని తప్పు కొట్టిన టీచర్‌ని ఏమనలేం. తప్పు కాని తప్పుకి ఎర్రగీత చూసుకుని, అడగడానికి ఇంగ్లిషు రాక కాగితం మడిచి బ్యాగులో కుక్కుకున్న పిల్లనీ ఏమనలేం. ఎవరైనా పక్కన కూర్చుని "ఇది ఎలా చేశావో చెప్పు" అని అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది.

పైగా అక్కడ పెద్ద క్లాసుల్లో మార్కులు 20కి. 'బీస్త్' అంటే ఇరవై, అంటే బంగారం. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ లెక్కలోనే ఆలోచిస్తారు. 'బి' గ్రేడు తెచ్చుకుంటే "అంటే ఇరవైకి ఎంత?" అని నాన్న అడుగుతాడు. ఈ ప్రశ్న మనవాళ్లకి వివరించనక్కర్లేదు.

మొహమాటం

పర్షియన్ వాళ్ల 'తారోఫ్'ని ఇంగ్లిషులో వివరించడానికి పేజీలు పడతాయి. తెలుగులో ఒక్క మాట చాలు: మొహమాటం. తేడా ఏమిటంటే మన మొహమాటం స్వభావం, వాళ్లకి అదొక పద్ధతి, దానికి నియమాలున్నాయి. ఇచ్చేవాడు మళ్లీ మళ్లీ ఇవ్వాలి, పుచ్చుకునేవాడు రెండుసార్లైనా వద్దనాలి. దుకాణదారు కూడా డబ్బు తీసుకునే ముందు 'గాబెలీ నదారే' అంటాడు, మీ ముందు ఇదెంత అని. నిజమే కదా అని సామాను పట్టుకుపోతే మాత్రం కేకేస్తాడు.

ఇప్పుడు మన పాప మొదటిసారి క్లాస్‌మేట్ ఇంటికి వెళ్లింది. మధ్యాహ్నం ఒంటిగంట, ఆకలి నకనకలాడుతోంది. స్నేహితురాలి అమ్మ "పిజ్జా తింటావా?" అంది. పాప పద్ధతి ప్రకారం "నో, థ్యాంక్యూ" అంది. ఆమె సరేనని పెట్టె మూసేసింది. పాప ఇంకో రెండుసార్లు అడుగుతారని ఎదురుచూసింది. అడగలేదు. సాయంత్రం కారెక్కగానే ఏడుపు. అమ్మకి మొదట అర్థమైంది "వాళ్లు అన్నం పెట్టలేదు" అని. అవతల ఆవిడ అనుకున్నది "పాపం ఆ పిల్ల ఏమీ తినదు" అని. ఇద్దరు అమ్మలూ మంచివాళ్లే.

దీనికి రెండో వైపు ఇంకా ఖరీదు. పక్క సీటు పిల్ల "నీ పెన్సిల్ బాక్స్ భలే ఉంది" అంటే పాప నోట అలవాటుగా వచ్చింది: "నీకే, తీసుకో." ఆ పిల్ల తీసుకుంది, థ్యాంక్స్ చెప్పింది, ఇంటికి పట్టుకెళ్లిపోయింది. టెహ్రాన్ నుంచి పిన్ని కొనిచ్చిన బాక్స్ అది.

ఇంకా చిన్నవి చాలా ఉంటాయి. టీచర్ మెచ్చుకుని బొటనవేలు పైకెత్తి చూపిస్తుంది. ఇరాన్‌లో పాత తరానికి అది బూతు సైగ. ఫోన్లలో ఎమోజీలు చూసి పెరిగిన పాపకి ఫర్వాలేదు గానీ, ఆ ఫొటో బడి వెబ్‌సైట్‌లో చూసిన తాతయ్యే కాసేపు కంగారుపడ్డాడు. లంచ్ బాక్స్ సంగతి సరేసరి. ఘోర్మె సబ్జీ అంటే మెంతికూర, కొత్తిమీర లాంటి ఆకులు నల్లబడేదాకా వేయించి, రాజ్మా, మాంసం, ఎండు నిమ్మకాయలు వేసి గంటలు గంటలు ఉడికించే కూర. మూత తీస్తే పక్క బెంచీ దాకా మెంతికూర వాసన. గోంగూర డబ్బా పట్టుకెళ్లిన మన పిల్లలు ఏం విన్నారో ఈ పాపా అదే విన్నది, రెండో వారం నుంచి శాండ్‌విచ్ అడిగింది. ఈ కథ ఇప్పటికే వెయ్యిసార్లు చెప్పారు, నేను ఆగిపోతాను.

ఇంట్లో మాట ఇంట్లోనే

నాకు అన్నిటికంటే ఆలోచించదగ్గదిగా అనిపించేది మర్యాదల తేడా కాదు. వలస రాకముందే ఇరాన్ పిల్లలకి రెండు దేశాల్లో బతకడం వచ్చు, దాన్ని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఇంట్లో ఒక దేశం, గుమ్మం దాటితే ఇంకో దేశం. ఇంట్లో అమ్మ జుట్టు విరబోసుకుని తిరుగుతుంది, మేడ మీద చట్టం ఒప్పుకోని శాటిలైట్ డిష్ ఉంటుంది, పెళ్లిరోజుకి పాటలు, డ్యాన్సు ఉంటాయి. బడిలో ఆరేడేళ్ల ఆడపిల్ల నుంచీ తలమీద ముసుగు, ఆడపిల్లలకి వేరే బడి, మగపిల్లలకి వేరే బడి. ఈ రెంటి మధ్య ఒక నియమం ఉంటుంది. ఇంట్లో ఏం చూశావో, ఏం విన్నావో టీచర్‌కి చెప్పకు. "నిన్న రాత్రి ఏం చేశారు?" అని బడిలో అడిగితే "చదువుకున్నాం" అనాలి. చాలా ఇళ్లలో పిల్లలు ఈ పాఠం అక్షరాల కంటే ముందు నేర్చుకుంటారు.

ఆ పిల్ల అమెరికా బడికి వచ్చింది. సోమవారం పొద్దున్నే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి "వీకెండ్ ఏం చేశారో చెప్పండి" అంటారు. ఒకడు వాళ్ల నాన్న బీరు తాగి సోఫాలో నిద్రపోయాడని చెప్తాడు, అందరూ నవ్వుతారు, ఏమీ కాదు. పాప వంతు వస్తుంది. నోరు పెగలదు. టీచర్ తన నోట్‌బుక్‌లో 'సిగ్గరి, భాష సమస్య' అని రాసుకుంటుంది. అది సిగ్గూ కాదు, భాషా కాదు. పద్ధతిగా నేర్చిన జాగ్రత్త. ఏడాది పోయాక అదే పిల్ల గుండ్రంలో కూర్చుని ఇంటి సంగతులు ఏకరువు పెడుతుంటే అమ్మకి గుండె దడ. "అవన్నీ ఎందుకు చెప్పావ్?" "ఇక్కడ చెప్పొచ్చు కదా!" ఇద్దరిలో ఎవరు అలవాటు పడ్డట్టు?

తలముసుగు విషయం కూడా ఇలాంటిదే. విమానంలోనే తీసేసింది కదా, ఇక స్వేచ్ఛ వచ్చేసింది అని ఇక్కడివాళ్లు సంతోషిస్తారు. పాపకి అది యూనిఫాంలో ఒక ముక్క, దానిమీద ప్రేమా లేదు, పగా లేదు. కాకపోతే బడి గంట మోగగానే చెయ్యి దానంతటదే నుదుటి దగ్గరికి వెళ్తుంది, సర్దుకోడానికి. అక్కడ ఏమీ ఉండదు. కొన్ని నెలలపాటు ఆ చెయ్యి అలా వెళ్తూనే ఉంటుంది. క్లాసులో ఎవరైనా "నిన్ను బలవంతంగా కప్పుకోమన్నారా?" అని జాలిగా అడిగితే ఆమెకి కోపం వస్తుంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. నాకు మాత్రం ఆ కోపం అర్థమవుతుంది. తన చిన్నతనాన్ని ఎవరో వార్తగా చదివేసినట్టుంటుంది.

ఇంట్లో ఇంకో మార్పు చప్పుడు లేకుండా జరిగిపోతుంది. నాన్న అక్కడ సివిల్ ఇంజినీరు, ఇక్కడ పెదనాన్న ప్రింటింగ్ షాపులో సాయం. అమ్మ అక్కడ బ్యాంకు ఉద్యోగి, ఇక్కడ ఫోన్ మోగితే ఎత్తడానికి భయం. కరెంటు బిల్లు వాళ్లతో, డాక్టర్ దగ్గర, అద్దె ఇంటి ఓనర్‌తో మాట్లాడేది పాపే. కాల్ సెంటర్ వాళ్లు "పెద్దవాళ్లకి ఇవ్వమ్మా" అంటే గొంతు లావు చేసి "నేనే మాట్లాడుతున్నా" అంటుంది. పదేళ్ల పిల్ల చేతిలో ఇంటి తాళాలు పెట్టినట్టు. దాంతో గర్వం వస్తుంది, అలసట కూడా వస్తుంది. నాన్న ముఖం చూసి కొన్ని మాటలు మార్చి అనువదించడం కూడా వస్తుంది.

'పర్షియన్' అనే గొడుగు

పెదనాన్న వచ్చింది 1985లో, పదహారేళ్లప్పుడు. ఇరాక్‌తో యుద్ధం నడుస్తోంది, 1980 సెప్టెంబర్‌లో మొదలై 1988 ఆగస్టు దాకా సాగిన యుద్ధం. సైన్యపు వయసు దగ్గరపడుతున్న కుర్రాళ్లని దేశం దాటనిచ్చేవారు కాదు. చాలామంది లాగే ఆయన్నీ కొండల మీదుగా టర్కీకి దాటించారు. టెహ్రాన్ బడిలో రోజూ పొద్దున్నే వరుసలో నిలబెట్టి 'మర్గ్ బర్ ఆమ్రికా' అనిపించేవారు, అమెరికా నశించాలని. కాలిఫోర్నియా హైస్కూల్లో పొద్దున్నే గుండె మీద చెయ్యి పెట్టుకుని అమెరికా జెండాకి ప్రతిజ్ఞ. రెంటిలోనూ పెదవులు మాత్రమే కదిపానని ఆయన నవ్వుతూ చెప్తాడు.

ఆయన చెప్పనిది, స్కూల్లో ఇటాలియన్‌నని చెప్పుకున్న సంగతి. బందీల వ్యవహారం ముగిసి నాలుగేళ్లయినా 'ఇరానియన్' అంటే టీవీలో చూసిన ఆ గుంపే గుర్తొచ్చేది జనానికి. ఆ తరం ఇరానీలు అప్పట్నుంచే 'పర్షియన్' అనడం ఎక్కువ చేశారు. పర్షియన్ అంటే తివాచీ, పిల్లి, కవిత్వం. ఇరానియన్ అంటే బందీలు. నిజానికి దేశం తనని ఎప్పుడూ ఇరాన్ అనే పిలుచుకుంది. పర్షియా అన్నది బయటివాళ్ల వాడుక, 1935లో అప్పటి రాజు రెజా షా 'మమ్మల్ని ఇరాన్ అనండి' అని విదేశాలని కోరాడు. బయటివాళ్లని మానుకోమన్న ఆ పాత పేరునే మళ్లీ బయటివాళ్ల భయంతో తగిలించుకోవాల్సి వచ్చింది. ఇది దాచుకోవడమని కొందరు ఎగతాళి చేస్తారు. పదహారేళ్లవాడు ఒంటరిగా మధ్యాహ్నం క్యాంటీన్లో ఎక్కడ కూర్చోవాలో వెతుక్కుంటున్నప్పుడు ఆ ఎగతాళికి అర్థం లేదు.

మన పాప 'ఇరాన్' అనే చెప్తుంది. కాలం మారింది, చుట్టూ ఇరానీలున్నారు, ఆ ఊరికి 'టెహ్రాంజిలెస్' అని పేరే పడింది. అయినా ఫారాలు నింపేటప్పుడు అమ్మ ఆగిపోతుంది. జాతి అన్న గడిలో అమెరికా ప్రభుత్వం లెక్కన ఇరానీలు దశాబ్దాలుగా 'తెల్లవాళ్లు'. విమానాశ్రయంలో పక్కకి పిలిచేటప్పుడు ఎవరికీ అలా కనిపించరు, ఫారంలో మాత్రం తెల్లవాళ్లే. 2024 మార్చిలో పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకి విడిగా గడి పెట్టాలని నిర్ణయించారు. అది బడి ఫారందాకా వచ్చేలోపు అమ్మ 'ఇతరం' అన్నదానికి టిక్కు పెడుతోంది.

ఉబర్ అధిపతి దారా ఖోస్రోషాహి కథ మన పిల్లలకి చెప్తుంటారు, తొమ్మిదేళ్లప్పుడు 1978లో ఇరాన్ విడిచి వచ్చి ఎంత పైకొచ్చాడో చూడమని. ఆ కథలో నన్ను ఆపేది వేరే చోటు. ఆయనకి పదమూడేళ్లప్పుడు తండ్రి ముసలి తండ్రిని చూసుకోడానికి ఇరాన్ వెళ్లి, ఆరేళ్లపాటు తిరిగి రాలేకపోయాడు. ఇలాంటి విజయగాథల్లో ఈ ఆరేళ్లు ఒక వాక్యంలో అయిపోతాయి. ఇంట్లో ఆరేళ్లు ఆరేళ్లే.

మన పిల్లలకీ వాళ్లకీ అసలు తేడా ఇక్కడుంది. మనకి వెనక తలుపు తెరిచే ఉంటుంది. వేసవి సెలవుల్లో గుంటూరు వెళ్లి, ఆవకాయ జాడీతో తిరిగి రావచ్చు. ఇరాన్ చట్టం తన పౌరుడికి ఇంకో పౌరసత్వం ఉందంటే గుర్తించదు. తండ్రి ఇరానీ అయితే పిల్లలూ ఇరానీలే, అక్కడి పాస్‌పోర్టు మీదే అడుగుపెట్టాలి. మగపిల్లాడికి 18 దాటితే సర్బాజీ లెక్క తేలాలి. పాప తమ్ముడికి ఇప్పుడు ఆరేళ్లు. ఎన్ని వేసవులు మిగిలాయో అమ్మ వేళ్లమీద లెక్కపెడుతుంది.

2025 జూన్‌లో ఆ లెక్క కూడా చెదిరిపోయింది. జూన్ 9 నుంచి ఇరాన్ సహా 12 దేశాలవాళ్ల రాకపై అమెరికా నిషేధం అమల్లోకి వచ్చింది. 2017లో వచ్చి 2021లో పోయిందనుకున్నదే మళ్లీ వచ్చింది. అమ్మమ్మ రావడం ఆగిపోయింది. జూన్ 13న ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి, పన్నెండు రోజులు. మధ్యలో ఇరాన్‌లో ఇంటర్నెట్ కట్టయింది. 2019 నవంబర్‌లో, 2022లో తలముసుగు సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమీనీ అనే అమ్మాయి మరణం తర్వాత కూడా ఇలాగే కట్టయింది కాబట్టి పెద్దవాళ్లకి అనుభవం ఉంది. అమ్మ అమ్మమ్మకి పెట్టిన మెసేజీ పక్కన ఒకే టిక్కు, రెండోది పడదు. పాప వేసవి క్యాంపులో ఈత నేర్చుకుని ఇంటికొచ్చి తడి జుట్టుతోనే ముందు ఆ ఫోన్ చూసేది. క్యాంపులో ఒకడు అడిగాడట, "మీరు ఏ పక్కన?" అని. పాప ఏం చెప్పిందో ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో మాట బయట చెప్పకూడదన్న పాఠం ఈసారి తిరగబడింది.

రాత్రి రెండుగంటల ఒక నిమిషం

ఆ జూన్‌కి మూడు నెలల ముందు వాళ్ల కొత్త సంవత్సరం పండగ నౌరోజ్ వచ్చింది. నౌ అంటే కొత్త, రోజ్ అంటే మన రోజే. తెలుగువాళ్లం రోజూ వాడే ఆ మాట పర్షియన్ నుంచి వచ్చిందే. కాగితం, గులాబీ, తెలంగాణలో దర్వాజా కూడా అక్కడివే. హైదరాబాద్ నగరానికి నక్షా గీసిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ వాడు. ఇరానీ అంటే చాయ్ మాత్రమే అనుకునేవాళ్ల కోసం చెప్తున్నా.

వాళ్ల కొత్త సంవత్సరం అర్ధరాత్రి పన్నెండింటికి రాదు. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుని సూర్యుడు దాటే క్షణానికి వస్తుంది, ప్రపంచమంతా ఒకే క్షణం. 2025లో అది టెహ్రాన్‌లో మార్చి 20 మధ్యాహ్నం 12 గంటల 31 నిమిషాలకి, భోజనాల వేళ. లాస్ ఏంజిలెస్‌లో రాత్రి 2 గంటల 1 నిమిషానికి, గురువారం, తెల్లారితే బడి. అమ్మ ఒంటిగంటన్నరకి పిల్లల్ని లేపింది. బల్ల మీద పర్షియన్ పేరు 'స'తో మొదలయ్యే ఏడు వస్తువులు: మొలకెత్తించిన గోధుమ గడ్డి, ఆపిల్, వెల్లుల్లి, వెనిగర్, ఇంకా మూడు. అద్దం, కొవ్వొత్తులు, గాజుగిన్నెలో చేప. ఫోన్‌లో అమ్మమ్మ, తాతయ్య, పిన్ని, ఒకళ్ల మీద ఒకళ్లు పడి మాట్లాడుతున్నారు, వెనక పట్టపగలు. తమ్ముడు కుర్చీలోనే నిద్రపోయాడు. లెక్క సున్నాకి రాగానే రెండు దేశాల్లో ఒకేసారి అరిచారు. పక్క ఫ్లాట్ వాళ్లు గోడ మీద కొట్టారు. తాతయ్య పాపని అడిగాడు, "అక్కడ చీకటిగా ఉందేమ్మా?" అని. పాప ఫోన్ కిటికీ వైపు తిప్పి చూపించింది.

మూడున్నరకి పడుకుంటే పొద్దున్న ఎవరికీ మెలకువ రాలేదు. బడికి నలభై నిమిషాలు ఆలస్యం. ఆఫీసు కిటికీ దగ్గర ఆలస్యం చీటీ ఇచ్చారు, కారణం దగ్గర నాలుగు గడులు: ఒంట్లో బాగోలేదు, డాక్టర్ దగ్గరికి, ట్రాఫిక్, ఇతరం. పాప 'ఇతరం'కి టిక్కు పెట్టి పక్కన గీత మీద 'కొత్త సంవత్సరం' అని ఇంగ్లిషులో తప్పుల్లేకుండా రాసింది. కిటికీలో ఆవిడ చదివి, గోడమీద క్యాలెండర్ వైపు చూసి, మంచిగానే నవ్వి, దాన్ని కొట్టేసి పైన రాసింది: నిద్ర లేవలేదు.